పల్చటి గోడలున్న గదులు

విదేశాలకు వెళ్ళేవాళ్ళు హోటల్లో గది తీసుకునే ముందు కిటికీలోంచి ఏం కనపడుతుంది, పొద్దున టిఫిను వాళ్ళే పెడతారా, రైలు స్టేషను దగ్గరా దూరమా అని చూసుకుంటారు. నేను గోడ చూసుకుంటాను. పక్కగదిలో మనిషి దగ్గితే నాకు వినపడాలి. వాళ్ళ దగ్గు నాకు వినపడిందంటే నా మీద పడే దెబ్బ వాళ్ళకు వినపడుతుంది. దెబ్బ వినపడే చోట మా ఆయన కొట్టడు.

ఇది పాతికేళ్ళ కాపురంలో నేను సంపాదించిన జ్ఞానం. బీఈడీలో ఎవరూ చెప్పలేదు.

నేను పుట్టింది నందిగామలో, కాపురానికి వెళ్ళింది జగ్గయ్యపేటకి. ఉద్యోగం మళ్ళీ నందిగామలోనే, ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుని. పొద్దున పేటలో బస్సెక్కడం, సాయంత్రం మళ్ళీ పేటలో దిగడం. మా ఆయనకు పేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. వత్సవాయి వైపు పత్తి రైతులు తెగులు పట్టిన ఆకు జేబులో పెట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. రైతుతో ఆయన మాట వెన్నపూస. ఎండనపడి వచ్చినవాడికి ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే ఆకు అందుకుంటాడు. ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని కోపిష్టి అనరు. ఆ మంచితనం చూసినప్పుడల్లా కొట్లో ఉన్న డబ్బాలన్నీ ఆయన నెత్తిన బోర్లించాలనిపించేది నాకు.

మగవాడికి కోపమొస్తే ఒళ్ళు తెలియదని, ఆ కాస్తా దాటితే బంగారంలాంటి మనిషని నాకు చెప్పనివాళ్ళు లేరు. శుద్ధ అబద్ధం. ఒళ్ళు తెలియనివాడు గోడ అవతల చప్పుడైతే ఎలా ఆగుతాడు?

కాపురం పెట్టిన కొత్తలో మేం అద్దెకున్నది వరసగా కట్టిన పెంకుటిళ్ళలో. మాకూ పక్కింటికీ ఒకటే గోడ. అవతల ఒక పెద్దావిడ ఉండేది, పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్మేది. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఒకరోజు కంపెనీ నుంచి వచ్చిన మనిషి ముందు మా ఆయన మందు డబ్బా మీది పేరు తప్పు చదివితే నేను సరిచేశాను. ఆయన నవ్వాడు. ఆ మనిషికి కాఫీ ఇప్పించి, బస్టాండు దాకా వెళ్ళి సాగనంపి వచ్చి, తలుపు గడియ పెట్టి, నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుండగా అవతలినుంచి పిన్నిగారు పచ్చడిబండతో గోడను దడదడ బాదింది. వెంటనే జుట్టు వదిలేశాడు. అద్దం ముందుకెళ్ళి తన జుట్టు దువ్వుకున్నాడు. మర్నాడు ఇడ్లీలకు తనే వెళ్ళి, నిన్న గోడకు మేకు కొడుతున్నానండి, మీకేమన్నా ఇబ్బందయిందేమో అని ఆవిడ దగ్గర నొచ్చుకున్నాడు కూడా.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను చప్పుడు లేకుండా హింసించాడు. తొడపాశాలు, వేళ్ళు వెనక్కి విరవడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టి చెవి మెలెయ్యడం. బళ్ళో పిల్లలకు తొడపాశం పెట్టే టీచర్లంటే నాకు ఒళ్ళుమంట అందుకే.

తర్వాత సొంత ఇల్లు కట్టాడు. ఊరి చివర, చుట్టూ ప్రహరీ, మా గోడ ఎవరికీ తగలదు. లోపలి గోడలకు నాలుగున్నర అంగుళాలు చాలు, అందరూ అంతే కట్టుకుంటారు అన్నాడు మేస్త్రీ. ఈయన వినలేదు. లోపలా బయటా తొమ్మిదంగుళాల గోడే పెట్టించాడు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా ఉంటుందట. చుట్టాలొచ్చి గోడ మీద చరిచి చూసి, కోట కట్టావయ్యా అని మెచ్చుకున్నారు. నేను ఆ మెప్పులు వింటూ మజ్జిగ అందించాను. గృహప్రవేశం అయ్యి అందరూ వెళ్ళిపోయిన సాయంత్రం, వచ్చినవాళ్ళలో ఎవరితోనో ఎక్కువ నవ్వానని బెల్టు తీశాడు. ఆరోజు మొదటిసారి తొందర లేకుండా కొట్టాడు. మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగాడు.

మా అమ్మాయి గది మేడమీద. ఒక్కతే కూతురు. దానికి ఏమీ తెలియకుండా పెంచానని నాకు గర్వం. చెంప వాస్తే పన్నుపోటు, చెయ్యి వాస్తే బస్సు తలుపులో నలిగింది. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. లంక సంగతి నాకు తెలియదు గానీ నా గుట్టు మాత్రం భద్రంగానే దాచాననుకున్నాను. అది చదువుకుని, బెంగుళూరులో ఉద్యోగంలో చేరింది.

మా పెళ్ళై పాతికేళ్ళు నిండిన వేసవిలో మమ్మల్ని విదేశం పంపాలన్నది దాని ఆలోచనే. ఆయనకు విదేశం కొత్త కాదు. పురుగుమందుల కంపెనీలు సరుకు బాగా అమ్మిన డీలర్లను బ్యాంకాక్‌కో దుబాయ్‌కో తీసుకెళ్తుంటాయి. విమానం, పెద్ద హోటలు, తిండి, అన్నీ వాళ్ళవే. కంపెనీ సొమ్మైతే అయిదు నక్షత్రాలకు తగ్గిన గదిలో ఈయనకు నిద్రపట్టదు. సొంత సొమ్మైతే, పడుకోడానికే గదా, అక్కడేమన్నా కాపురం పెడతామా అంటాడు.

కౌలాలంపూరు, పెనాంగు, సింగపూరు. ఆదివారాలు వీడియో కాల్లో కూర్చుని మా అమ్మాయి హోటళ్ళు చూపించేది. దాని లెక్క దానికుంది. మొదటి రెండూళ్ళలో రోజంతా తిరగడమే కాబట్టి మామూలు గదులు చాలు. ఆఖరి ఊరికి మాత్రం డబ్బు గురించి ఆలోచించకూడదు. చివర్లో సుఖపడితే ప్రయాణమంతా సుఖంగా గడిచినట్టే గుర్తుంటుందట. ఆ ఆఖరి హోటలు తన కానుక, తన జీతంలోంచి. సింగపూరులో ఒక పెద్ద హోటలు పైఅంతస్తు గది ఫొటోలు పెట్టింది. నేలంతా తివాచీ, తెల్లటి పరుపులు, ఒక పక్క గోడ మొత్తం అద్దం. సౌండ్‌ప్రూఫ్ గదులు, పూర్తి ప్రశాంతత అని చదివి వినిపించింది. ఆయన ఫోనులోకి వంగి ఆ గదిని మళ్ళీ ఒకసారి చూపించమన్నాడు.

మూడూళ్ళలోనూ చవకవే చాలని నేను పోరాను. స్టాఫ్‌రూంలో నా పొదుపు గురించి ఒకటే జోకులు. పోయేప్పుడు కట్టుకుపోతావా అని ఎద్దేవా చేశారు. నేను నవ్వి ఊరుకుని, ఖాళీ పీరియడ్లో ఫోను తీసి, హోటళ్ళ గురించి జనం రాసిన తిట్లు చదివేదాన్ని. పక్కవాళ్ళ గురకకు తెల్లార్లూ నిద్ర లేదు, అవతలి గదిలో గుసగుసలు కూడా వినపడ్డాయి, ఈ కొంపకు రాకండి అని ఎవరైనా ఒకే ఒక్క చుక్క ఇచ్చి తిట్టి ఉంటే నా ప్రాణం లేచొచ్చేది. అలా ఏరి ఏరి మొదటి రెండు గదులూ నేనే పట్టాను. సింగపూరు మాత్రం మా అమ్మాయి నా మాట చెవిన పెట్టలేదు.

ఇంకో సంగతి. హోటళ్ళన్నీ నా పేరు మీదే తీసుకుంది. అది ఆయన మాటే. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ మాట్లాడాలంటే నాలుక తిరగదు. కౌంటరు దగ్గర నోరు పెగలక నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకని, అన్నీ మీ అమ్మ పేరునే పెట్టు, వాగేది ఆవిడేగా అన్నాడు. ప్రయాణం ఖర్చులకు తీసిన కార్డు కూడా అందుకే నా పేరు మీద వచ్చింది.

బయల్దేరే ముందు వేదాద్రి తీసుకెళ్ళి పాస్‌పోర్టులు నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించాడు. పూజారి గోత్రాలు చదువుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. పొట్ట చీల్చిన దేవుడు కదా, ఎవరి పొట్ట అన్నది స్వామికి విడమరిచి చెప్పుకున్నాను.

కౌలాలంపూరు గది నా మనసుకు నచ్చింది. తమిళుల అంగళ్ళుండే వీధిలో కింద పూలదండల కొట్టు, పైన గదులు. గోడ అనడమే గానీ అది చెక్కపలకకు వేసిన రంగు. పక్కగదిలో ఒక తమిళ కుటుంబం. చంటిపిల్ల ఏడుపు, ముసలాయన ఆవులింత, అన్నీ మా మంచం మీదే జరుగుతున్నట్టుండేవి. మా ఆయన మొహం చిట్లించాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

రెండోరోజు రైల్వేస్టేషన్లో ఆయన నన్ను అవతలివైపు ప్లాట్‌ఫారానికి తీసుకెళ్ళాడు. నేను అక్కడి ఉద్యోగిని అడిగి సరైన దారి కనుక్కుని, థాంక్స్ చెప్పి నవ్వాను. గదిలోకి రాగానే తలుపు వేసి చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే అవతల ముసలాయన తుమ్మాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి ఆ చేత్తోనే ఫ్యాను స్విచ్చి వేశాడు. నేను బాత్రూంలోకి పోయి, పంపు తిప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను. తిరిగొచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరికి రమ్మని సైగ చేసి, నా మోచేతి లోపలి మెత్తటి చోట చర్మాన్ని గోళ్ళతో పట్టి మెలితిప్పుతూ, గొంతు పెంచకుండా చెప్పాడు.

"సింగపూర్ రానీ. నీ సంగతి అక్కడ చెప్తా."

అప్పుడర్థమైంది నాకు. గోడలు చూసుకునేది నేనొక్కదాన్నే కాదు.

పెనాంగులో మేం దిగింది పాతకాలపు ఇల్లు. చెక్కనేల, అడుగు వేస్తే ఇల్లంతా కిర్రుమంటుంది, కింద ఉండే ఇంటావిడ ఏం కావాలని పైకి కేకేస్తుంది. అక్కడా నన్ను కొట్టలేదు. కానీ నేను చేసిన ప్రతి పనికీ ఆయన తల ఊపుతూ వచ్చాడు. కొబ్బరిబోండాం అమ్మేవాడితో బేరమాడితే తల ఊపాడు. సముద్రం ఒడ్డున ఎవరో ఫొటో తియ్యమంటే తీసి ఇచ్చాను, తల ఊపాడు. అన్నీ సింగపూరుకు దాచిపెడుతున్నాడు. పాతికేళ్ళ దెబ్బల కంటే ముందు తెలిసిన ఆ ఒక్క దెబ్బ నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మా అమ్మాయికి ఫోను చేసి, సింగపూరులో గది మార్చమని బతిమాలాను. అంత పెద్దది నాకొద్దు, ఏదన్నా చిన్న సందులో చిన్న గది చూడమన్నాను.

"అది మాత్రం మార్చనమ్మా. ఇంకేదైనా అడుగు," అంది.

సంపాదన మదం తలకెక్కిందే నీకు అని తిట్టాను. ఇంకా అనరాని మాటలు కూడా అన్నాను. అది అన్నీ పడింది, ఎదురు మాట అనలేదు, గది మార్చలేదు. ఫోను పెట్టేశాక కూతురి మీద కోపంతో వెక్కి వెక్కి ఏడ్చాను. మొగుడి మీద కూడా అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

సింగపూరు హోటల్లో కౌంటరు దగ్గరున్న అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, నాకు పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పి, తాళం కార్డులు రెండూ నా చేతిలోనే పెట్టింది. ఆయన పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గది ఎంతో ఎత్తున ఉంది. తలుపు దానంతటదే, చప్పుడు లేకుండా మూసుకుంది. కింద రోడ్డు మీద అన్ని బండ్లు పోతున్నాయి, ఒక్క హారను వినపడదు. ఆయన పెట్టె కింద పెట్టి, చెప్పులు విప్పి, వేలి కణుపులతో గోడ మీద తట్టి చూశాడు. మంచం దగ్గర ఒకచోట, బాత్రూం పక్కన ఒకచోట. పత్తి గింజ కొరికి చూసే మనిషి లాగా నిదానంగా చూశాడు.

సాయంత్రం బయట తిరిగొచ్చేసరికి ఎవరో తలుపు తట్టారు. హోటలు వాళ్ళు కేకు పంపారు. చాక్లెట్‌తో శుభాకాంక్షలు రాసి, కింద నా పేరు రాశారు. నా పేరొక్కటే. వాళ్ళ దగ్గరున్నది అదే మరి. తెచ్చినతనికి ఆయన నవ్వుతూ దణ్ణం పెట్టి పంపించాడు. తలుపు మూసుకుంది.

"పెళ్ళి నీ ఒక్కదానికే అయిందా?" అన్నాడు.

జవాబు చెప్పేలోపు కేకుతో సహా పళ్ళెం నా మొహం మీదికొచ్చింది. కళ్ళనిండా క్రీము, ఏమీ కనపడలేదు. చెంప మీద, చెవి మీద, మళ్ళీ చెవి మీద. ఎడమచెవి దిద్దు తమ్మె చీల్చుకుని ఊడిపోయింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. ఎప్పుడూ చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు. వంగి, నా మొహంలో మొహం పెట్టి చూశాడు.

"అరువు. గట్టిగా అరువు. ఎవడొస్తాడో చూద్దాం."

అరిచాను. నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. ఒక్కరూ రాలేదు. అవతల గోడ మీద ఎవరూ బాదలేదు. నేను ఆగితే, మళ్ళీ అరవమని మళ్ళీ తన్నాడు. ఈ గదిలో చచ్చిపోతాననుకున్నాను. అలా అనుకోవడం అదే మొదలు.

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. ఆ సామెత విన్నప్పుడల్లా నేను పిల్లికి కూడా తీసిపోయానే అని సిగ్గుపడేదాన్ని. పాకుతూ బల్ల పట్టుకుని లేవబోతే చేతికి టీ కాచుకునే కెటిలు తగిలింది. దాన్ని లాగి, మళ్ళీ తన్నడానికి లేపిన కాలి మోకాలి చిప్ప మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆయన మంచం పక్కన కూలబడ్డాడు. నాకు మళ్ళీ కొట్టాలనిపించింది. తలమీద కొట్టాలనిపించింది, తల పగిలేదాకా కొట్టాలనిపించింది. కెటిలు ఎత్తాను కూడా. ఆయన నావంక చూసిన చూపులో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. సాధుగొడ్డు కొమ్ము విసిరితే ఆసామి చూసే చూపు అది. ఈ మనిషికి నేను మనిషిననే తెలియదు అనిపించింది. కెటిలు అక్కడ పడేసి, సంచీ తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాను.

కింద హాలు నిండా జనం. మెడ మీద రక్తం, జుట్టులో కేకు, ఉత్తకాళ్ళు. పాతికేళ్ళు చీరకొంగు కింద దాచిన ఒళ్ళు అది. దాచబుద్ధి కాలేదు. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, నాకు ఇంకో గది కావాలన్నాను. వేరే అంతస్తులో, నాకొక్కదానికే. ఆ అమ్మాయి టిష్యూ కాగితాలు అందించి, పోలీసుల్ని పిలవమంటారా అని చిన్నగా అడిగింది. ముందు గది ఇవ్వమన్నాను. అద్దె చెప్పింది. అది నేను ఏరుకున్న రెండు హోటళ్ళకూ కలిపి పెట్టినదాని కంటే ఎక్కువ. ఇమ్మని కార్డు తీసిచ్చాను. నాకోసం నేను పెట్టుకున్న ఖర్చుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. దాని గురించి ఇవాళ్టికీ ఒక్క రూపాయంత బాధ లేదు.

ఆయన కుంటుకుంటూ దిగొచ్చాడు. నేను దూరంగా సోఫాలో కూర్చుని చూస్తున్నాను. కౌంటరు మీద చెయ్యి వేసి, వైఫ్, మై వైఫ్, కీ అంటున్నాడు. గదులు ఆవిడ పేరు మీద ఉన్నాయి, ఆవిడ చెబితే తప్ప మేం ఏమీ చెప్పలేం అని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఆయన గొంతు పెంచబోయాడు. గార్డు ఒకడు వచ్చి పక్కన నిలబడ్డాడు. అంతే, కోపం మాయం. నో ప్రాబ్లం అని నవ్వి, గార్డుకు దణ్ణం పెట్టి లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

కొత్త గదిలో లోపల గడియ వేసుకుని, మొహం కడుక్కుని, మా అమ్మాయికి ఫోను చేశాను. వేరే గది తీసుకున్నానని మాత్రం చెప్పాను.

"నాన్న కొట్టాడా?"

ఆ మాట దాని నోట వినడం అదే మొదటిసారి. అవునన్నాను.

"అందుకేనమ్మా అక్కడ తీసుకుంది. చిన్న హోటళ్ళలో పొద్దుగూకితే కౌంటర్లో మనిషి ఉండడు. అక్కడైతే ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, గార్డులుంటారు, కెమెరాలుంటాయి. నువ్వు కిందకి దిగితే చాలనుకున్నా. దిగుతావో లేదో అనే నా భయం."

నీకెలా తెలుసే అని అడిగాను. మా బాత్రూం కిటికీ, మేడమీద దాని బాత్రూం కిటికీ ఒకే సందులోకి తెరుచుకుంటాయట. అన్నీ వినపడేవట. స్కూలు రోజుల నుంచీ.

"నువ్వు అరుస్తున్నంతసేపూ పర్లేదమ్మా, ఉన్నావు అనుకునేదాన్ని. అరుపు ఆగిపోతేనే భయమేసేది. మళ్ళీ నీ గాజుల చప్పుడు వినపడేదాకా అక్కడే కూర్చునేదాన్ని."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. తొమ్మిదంగుళాల గోడలు కట్టిన మొగుణ్ణి అప్పుడు చంపాలనిపించింది. మెట్లెక్కి వెళ్ళి ఆ పిల్లను ఒక్కసారైనా చేరదీసుకోకుండా, పన్నుపోటు కథలు చెప్పిన నన్ను కూడా. చిన్నపిల్ల బాత్రూం నేల మీద కూర్చుని తల్లి బతికుందో లేదో వింటూ పెరిగింది. నేను దాన్ని మదమెక్కిందని తిట్టాను.

సింగపూరులో ఉన్న మిగతా రోజులు ఆయన టిఫిను హాల్లో నాకెదురుగా కూర్చుని, తనే లేచి వెళ్ళి పండ్లు కోసిన పళ్ళెం తెచ్చిచ్చాడు. మోకాలికి గుడ్డ కట్టుకున్నాడు. అందరూ చూస్తుంటారు కదా, నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికి పోదాం పద అని మాత్రం రోజూ అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఒక్కదానికే తెలుసు. మా అమ్మాయి బెంగుళూరు వచ్చెయ్యమంది. నా ఉద్యోగం నందిగామలో ఉంది, అక్కడే ఉంటానన్నాను. మా స్కూల్లో పనిచేసే తెలుగు టీచరు ఇంటి మీద వాటా ఖాళీగా ఉంటే ఫోన్లోనే మాట్లాడుకున్నాను. ఆయనకు చెప్పలేదు. హైదరాబాదు విమానాశ్రయానికి కొట్టు కారు రప్పిస్తానని ఆయన అంటే, మా అమ్మాయి అప్పటికే బస్సుకు సీట్లు తీసేసింది.

"కారొద్దమ్మా. బస్సులో రండి, నలుగురుంటారు," అంది నాతో.

బస్సులో మా పక్క వరసలో వత్సవాయి రైతొకాయన తగిలాడు, మా కొట్టుకు ఎప్పుడూ వచ్చే మనిషే. మా ఆయన కాలు చూసి ఏమైంది సార్ అని అడిగాడు. బాత్రూంలో జారానన్నాడు ఈయన. నా చెవికున్న కట్టు కూడా చూశాడు రైతు, దాని గురించి అడగలేదు. కోదాడ దాకా ఇద్దరూ గులాబీ పురుగు గురించి మాట్లాడుకున్నారు. ఈసారి పత్తికి ముందే మందు కొట్టుకో బాబాయ్ అని ఈయన ఎంతో ప్రేమగా చెప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూ, దిగమంటే ఏం చెయ్యాలో మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. అడుగు కింద పెట్టానంటే ఆ ఇంటికే వెళ్తాను. ఆ ఇంట్లోకి వెళ్తే ఈసారి ప్రాణాలతో బయటికి రాను. మోకాలి దెబ్బ ఆయన ఊరికే పోనివ్వడు.

పేటకు వెళ్ళేవాళ్ళు హైవే మీద చిల్లకల్లులో దిగాలి. బస్సు ఆగింది. ఆయన లేచి నిలబడ్డాడు. రైతు కూడా లేచాడు.

"దిగు," అన్నాడు ఆయన.

నేను కదల్లేదు. ఆయన వంగి, పెదాల మీద నవ్వు చెదరకుండా, ఇంటికి పద మాట్లాడుకుందాం అని నా చెవి దగ్గర అన్నాడు. చెయ్యి నా మోచెయ్యి లోపలి మెత్తటి చోటుకి వచ్చింది.

పాతికేళ్ళుగా క్లాసులో వెనక బెంచీ దాకా వినపడేలా పాఠం చెప్పిన గొంతు నాది. ఆ గొంతుతోనే చెప్పాను.

"నేను దిగనండి. ఇంటికొస్తే మీరు నన్ను కొడతారు. పెళ్ళైనప్పట్నించీ కొడుతూనే ఉన్నారు. ఈ చెవి కూడా మీరు చింపిందే. నేను నందిగామ పోతున్నా."

బస్సంతా తిరిగి చూసింది. ఎవరో పాట ఆపేశారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు, నవ్వు కుదరలేదు. చూపు రైతు వైపు పోయింది. రైతు నా చెవి వంక చూశాడు, ఆయన మోకాలి వంక చూశాడు. మా పెట్టెల్లో ఆయన పెట్టె ఒక్కటే అందుకుని మెట్ల దగ్గర పెట్టాడు.

"మీరు దిగండి సార్. అమ్మగారు రానంటున్నారుగా."

ఆయన దిగాడు. నా మోచెయ్యి ఎప్పుడు వదిలాడో కూడా నాకు తెలియలేదు. తలుపు పడింది, బస్సు కదిలింది. కండక్టరు వచ్చి, ఇక్కడిదాకే కదమ్మా మీ టిక్కెట్టు అన్నాడు. నందిగామకు ఒకటి ఇవ్వమన్నాను. అది చేతికొచ్చాక మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను. వెనక సీట్లో ఆవిడెవరో నీళ్ళ సీసా అందించి, నేను తాగేదాకా ఆగి, ఏ ఊరమ్మా మీది అని అడిగింది.

నందిగామ, అన్నాను.